చెంబెడు నీటి జనాభా

మంజీరా ఒడ్డున నున్న ఒక పల్లెనుండి శ్రోత యొకరు మాకు జాబు వ్రాసిరి. తమ పెరటి బావినీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపగా, "కోలిఫారము బాక్టీరియా కనబడలేదు, త్రాగుటకు పనికివచ్చును" అని చీటీ వచ్చినదట. "అయ్యా, కనబడలేదనుటకును లేవనుటకును భేదమేమైన నున్నదా? ఈ నీటిలో నున్న సూక్ష్మజీవుల నన్నిటిని చూచియే వారు ఈ మాట వ్రాసిరా?" అని వారి ప్రశ్న. మొదట మేము దీనిని చిన్న ప్రశ్న యనుకొంటిమి. ఆరోగ్య కార్యక్రమములో రెండు వాక్యములతో జవాబు చెప్పి ఊరకుండవచ్చు ననుకొంటిమి. పుస్తకములు తిరగవేసిన కొలదియు తెలిసినదేమనగా, సూక్ష్మజీవి శాస్త్రము ఒక త్రోవకు వచ్చి నూరేండ్లు గడచువరకు శాస్త్రజ్ఞులే ఈ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పలేకపోయిరి. నేటి ప్రసంగమునకు ఆ జాబే కారణము.

నీటిలోనో మట్టిలోనో ఉన్న సూక్ష్మజీవులను లెక్కించుటకు వెనుకటినుండి వచ్చిన పద్ధతి ఇంచుమించు నారుమడి వంటిది. నీటిచుక్కను ఆహారముతో కూడిన పళ్లెరముపై పరచి, వెచ్చగా నుంచి, ఒకటి రెండు రోజులకు లేచిన మచ్చలను లెక్కింతురు. ఒక్కొక్క మచ్చ ఒక్కొక్క జీవినుండి పెరిగిన సంతతి. జర్మనీ దేశమున రాబర్టు కోహ్ 1880 ప్రాంతమున ఈ విద్యకు రూపమిచ్చెను. మొదట ఉడికించిన బంగాళాదుంప ముక్కలపై పెంచిరి. పిమ్మట జెలటిను పొరపై పెంచిరి. కాని వేసవి వచ్చుసరికి జెలటిను కరగి నీరగుచుండెను. కొన్ని బాక్టీరియాలు దానినే తిని అరిగించుకొనుచుండెను. అప్పుడు కోహ్ ప్రయోగశాలలో పనిచేయుచున్న వాల్టరు హెస్సె అను వైద్యుని భార్య, ఫానీ హెస్సె, ఒక ఉపాయము చెప్పిరి. ఎండకాలములో కూడ తమ వంటింటి తీపి వంటకములు కరగకుండుటకు ఆమె అగారు వాడుచుండిరి. అది సముద్రపు నాచునుండి తీసిన పదార్థము. దాని సంగతి జావాలో కాపురముండి వచ్చిన పొరుగువారు ఆమెకు చెప్పిరట. 1881 మొదలు నేటివరకు లోకమందలి ప్రయోగశాల లన్నిటిలోను బాక్టీరియాలు పెరుగుచున్నది ఆ వంటింటి అగారుమీదనే. 1882 లో కోహ్ క్షయరోగ క్రిమిని గూర్చి వెల్లడించిన వ్యాసములో అగారు ప్రస్తావన కలదు గాని ఆ యిల్లాలి పేరు లేదు. ప్రసంగమునకు ఇది అవసరము కాకున్నను, చెప్పక పోవుటకు మాకు మనసొప్పలేదు.

ఈ పద్ధతి సామాన్యమైనది కాదు. క్షయ, కలరా మొదలైన వ్యాధుల క్రిములను పట్టి యిచ్చినది ఇటువంటి పెంపకమే. అయినను దీనియందొక లోపము మొదటినుండియు కనబడుచునే యున్నది. అదే నీటిని, అదే మట్టిని సూక్ష్మదర్శినిలో చూచినచో నూరు జీవులు కనబడును. పళ్లెరములో పెంచినచో ఒక్కటి మొలచును, ఒక్కొక్కప్పుడు అదియు మొలవదు. ఒక గ్రాము మంచి మట్టిలో నూరుకోట్ల వరకు సూక్ష్మజీవు లుండవచ్చును. అందులో నూటికి తొంబదితొమ్మిది మన పళ్లెరమువంక చూడనైన చూడవు. 1985 లో స్టేలీ, కొనోప్కా అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ వింతకు "పళ్లెరపు లెక్కలోని మహావైపరీత్యము" అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. కారణములు వెదకినచో చాల కలవు. కొన్నిటికి మనము పెట్టు ఆహారము మితిమీరిన విందు. అవి అర్ధాకలితో బ్రదుకుటకు అలవాటుపడినవి. కొన్నిటికి గాలి తగిలినచో ప్రాణము పోవును. కొన్నిటికి ప్రక్కవారి తోడు లేనిదే బ్రదుకు సాగదు. ఒకరు విడిచిన పదార్థము మరియొకరికి భోజనము. కొన్ని వారములకు గాని ఒక్కసారి రెండుగా చీలవు. ఎదురుచూచు శాస్త్రజ్ఞునికి అంత ఓపిక యుండదు. సత్రములో భోజనమునకు వచ్చినవారిని లెక్కించి ఇదియే ఊరి జనాభా యనిన ఎట్లుండునో, నూరేండ్ల లెక్క అట్లున్నది. ఇంటిలో వండుకొని తినువారు, ఉపవాసముండువారు, పొలములలో నున్నవారు ఆ లెక్కకు ఎక్కనే లేదు.

మరి పెంచకుండ లెక్కించుట యెట్లు? జీవిని పిలిచి భోజనము పెట్టుటకు బదులు, దాని లోపలనున్న వ్రాతను తీసి చదువుట. ఆ వ్రాతయే డి.ఎన్.ఏ. నాలుగే నాలుగు అక్షరములతో వ్రాయబడిన పొడవైన గ్రంథము వంటిది. అందలి అక్షరముల వరుసను చదువు పద్ధతి నొకదానిని ఇంగ్లండులో ఫ్రెడరిక్ సాంగరు 1977 లో వెల్లడించెను. దానినే సీక్వెన్సింగు అందురు.

ఈ చదువు ఎట్టిదో తెలియుటకు మన తెలుగువారికి దగ్గరలోనే ఒక పోలిక కలదు. సుమారు రెండువందల యేండ్ల క్రిందట సి.పి. బ్రౌను దొర కడపలో పండితులకు జీతములిచ్చి, ఊరూరినుండి తాళపత్ర ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి సరిపోల్పించెను. ఒకే పద్యము పది ఊళ్లలో పది ప్రతులుగా నుండును. ఒక లేఖకుడు ఒకచోట అక్షరము తప్పి వ్రాసెను. అతని ప్రతిని చూచి వ్రాసినవారందరి ప్రతులలోనికిని ఆ తప్పు దిగినది. కావున ఒకే తప్పున్న రెండు ప్రతులు ఒకే మాతృకనుండి వచ్చినవని పండితుడు ఊహించును. తప్పులు హెచ్చుగా వేరుపడిన ప్రతులు చాలకాలము క్రిందటనే విడిపోయిన వనును. పండితుని చికాకు పెట్టు ఆ పాఠభేదములే అతనికి వంశవృక్షమును గీసి యిచ్చుచున్నవి.

జీవులలోను ఇదే న్యాయము. ప్రతి జీవకణములోను మాంసకృత్తులను కూర్చు యంత్రములు కలవు. వానిని రైబోజోములు అందురు. ఆ యంత్రములో నొక భాగమును నిర్మించు వ్రాత ఇడ్లీపిండిని పులియబెట్టు బాక్టీరియాలోను కలదు, మఱ్ఱిచెట్టులోను కలదు, మనలోను కలదు. బాక్టీరియాలో దాని నిడివి సుమారు 1,500 అక్షరములు. జీవము పుట్టిన నాటినుండియు తరతరములుగా నకలు చేయబడుచు వచ్చిన పద్యము వంటిదది. అందు కొన్ని పాదములు ఇంచుమించు మారనే మారవు. మారినచో యంత్రము పనిచేయదు. మరి కొన్ని పాదములలో తప్పులు మెల్లమెల్లగా చేరుచుండును. మారని పాదముల వలన ఆ పద్యమును ఎక్కడనున్నను గుర్తుపట్టవచ్చును. మారిన పాదముల వలన అది యెవరి యింటి ప్రతియో చెప్పవచ్చును.

అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున కార్ల్ వోస్ అను శాస్త్రజ్ఞుడు ఏండ్ల తరబడి ఈ పద్యపు ప్రతులనే సరిపోల్చుచు కూర్చుండెను. 1977 లో ఆయనయు జార్జి ఫాక్సును కలిసి ప్రకటించిన దేమనగా, అందరు బాక్టీరియా యనుకొనుచున్న కొన్ని జీవులు బాక్టీరియాకు దగ్గరి బంధువులు కానే కావు. వాని పాఠము వేరు, వాని వంశము వేరు. నేడు వానిని ఆర్కియా అనుచున్నారు. మన పల్లెలలో గోబరు గ్యాసు తొట్టెలలో మీథేను వాయువును పుట్టించునవి ఈ వంశమువే. పెరటిలో కాపురమున్న వానిని గుర్తించుటకు మనకు అంతకాలము పట్టినది.

వోస్ చదివినది పళ్లెరములలోను సీసాలలోను పెంచిన జీవుల వ్రాతలు. నార్మన్ పేస్ అను మరియొక శాస్త్రజ్ఞునికి 1980 దశకము నడుమ ఒక ఆలోచన తోచినది. పెంచుట యెందుకు? మడుగులోని నీటినే తెచ్చి, అందున్న వ్రాతలన్నిటిని కలిపి తీసి, అందులో ఈ పద్యపు ప్రతులెన్ని కలవో చూచిన నేమి? ఆయన బృందము అమెరికాలోని యెల్లోస్టోన్ వనమునందు, చేయి పెట్టరాని వేడినీరు ఉబుకు ఊటలవద్ద ఈ పని చేసెను. అంతవరకు ఏ పళ్లెరములోను మొలవని జీవుల జాడలు అందు కనబడినవి.

ఇక్కడ ఒక చిత్రము చెప్పవలెను. ఆ యెల్లోస్టోన్ వేడి ఊటలలోనే థామస్ బ్రాక్ అను ఆయన, విద్యార్థి యొకనితో కలిసి, థెర్మస్ అక్వాటికస్ అను బాక్టీరియాను కనుగొని 1969 లో వర్ణించి యుండెను. మరుగుటకు దగ్గరి వేడిలో కూడ చెడని రసాయన ద్రవ్యము దానిలో కలదు, అది డి.ఎన్.ఏ. నకళ్లను తీయును. 1983 లో కారీ మల్లిస్ ఊహించిన పి.సి.ఆర్. పద్ధతికి ఆ ద్రవ్యము అమరిన పిమ్మట, ఒక్క ప్రతినుండి కొన్ని గంటలలో కోట్ల ప్రతులు తీయుట సులభమైనది. కోవిడ్ రోజులలో ఇంటింటికిని తెలిసిన ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్ష ఈ పద్ధతికి కొనసాగింపే. ఎందులకు పనికివచ్చునని అడుగకుండ ఊటలోని జీవిని చూచిన మనిషివలన ఇంత జరిగినది.

1990 లో స్టీఫెన్ జియోవనోనీ బృందమువారు అట్లాంటిక్ మహాసముద్రమందలి సర్గాసో భాగపు నీటిలో ఈ పద్యమును చదువగా, ఎవరును ఎరుగని ఒక వంశము అందు బయటపడినది. దానికి సార్ 11 అని గుర్తు పెట్టిరి. పిమ్మట ఏ సముద్రపు పైపొరలో చూచినను అదియే. ఆ పొరలోని సూక్ష్మజీవులలో నాల్గింట ఒకవంతు ఈ వంశమే యని అంచనా. భూమిమీద ఇంత విరివిగా నున్న ప్రాణి అంతవరకు మనకు పేరైన తెలియనిది! దానిని పెంచుటకు 2002 వరకు పట్టినది. అప్పుడును విందు పెట్టి కాదు. వట్టి సముద్రపు నీటిలోనే, చాల పలుచగా, ఓపికతో పెంచిరి.

ఇంతవరకు చెప్పినది ఒక్క పద్యము చదువుట. దానివలన ఊరిలో నెవరెవరున్నారో తెలియును గాని, ఎవరేమి పని చేయుచున్నారో తెలియదు. కుమ్మరి యెవరు, కమ్మరి యెవరు, దొంగ యెవరు అను సంగతి తెలియవలెనన్నచో గ్రంథము మొత్తము చదువవలెను. 1998 లో జో హాండెల్స్‌మన్, ఆమె సహచరులు, పిడికెడు మట్టిలోని జీవులన్నిటి వ్రాతలకును కలిపి మెటాజినోము అని పేరుపెట్టిరి. పని ఎట్లు సాగునో చెప్పెదము. నీటిని సన్నని వడపోత గుడ్డవంటి పొరగుండ పోయింతురు. జీవులు పొరపై నిలుచును. వానిని పగులగొట్టి డి.ఎన్.ఏ. తీసి, శుభ్రపరచి, తునకలు చేసి యంత్రమున కిత్తురు. యంత్రము లక్షలు, కోట్లు తునకలను చదువును. వేయి తాళపత్ర గ్రంథములను చెదలు కొట్టివేయగా మిగిలిన ముక్కలన్నియు ఒకే బుట్టలో కలిసిపోయిన వనుకొనుడు. ఒక ముక్క చివరనున్న మాటలే మరియొక ముక్క మొదటను ఉన్నచో ఆ రెండును అతుకవచ్చును. ఇట్లు అతుకుచు పోవుటయే పని. పండితులు చేయలేరు, గణకయంత్రములు చేయును. 2004 లో కాలిఫోర్నియా గని యొకదానినుండి కారు ఆమ్లజలములో, మనుష్యుని చర్మమును కాల్చునట్టి నీటిలో, బ్రదుకుచున్న జీవుల గ్రంథములను ఇట్లే దాదాపు పూర్తిగ అతికిరి. అదే సంవత్సరము క్రెయిగ్ వెంటరు బృందము సర్గాసో నీటినుండి ఇదివరకెరుగని జన్యువులు 12 లక్షలకు పైగా బయటపెట్టెను.

సముద్రములు, వేడి ఊటలు మనకు దూరము. మా శ్రోత వ్రాసినది మంజీరా ఒడ్డునుండి. ఆ నదిలోనికి నక్కవాగు వచ్చి కలియును. నక్కవాగులోనికి ఇసుకవాగు వచ్చి చేరును. ఆ ఇసుకవాగు హైదరాబాదునకు వాయవ్యముననున్న పటాన్‌చెరువు పరిసరములనుండి ప్రవహించునది. ఈ చదువు ఆ వాగు వరకును వచ్చినది. ఎందుకు వచ్చినదో చెప్పుటకు ముందు మందుల కథ కొంచెము చెప్పవలెను.

క్రిములను చంపు మందులలో అనేకములు క్రిములు చేసినవే. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగా నున్న కాలముననే, ఆ సంస్థలోని బెంజమిన్ డగ్గరు మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి జీవినుండి ఆరియోమైసిన్ తీసెను. 1948 లో వెల్లడియైన ఆ మందే టెట్రాసైక్లిను కుటుంబమునకు మొదటిది. తొలకరి చినుకు పడగానే మట్టినుండి లేచు కమ్మని వాసనయు ఈ జాతి జీవుల పుణ్యమే. ఒక జీవి విషము చేయునప్పుడు తనకును ప్రక్కవారికిని దానికి విరుగుడు ఉండక తప్పదు. కనుక విరుగుడు జన్యువులు మందుల కంపెనీలకన్న మిక్కిలి పాతవి. కెనడా దేశపు యూకాన్ ప్రాంతమున 30,000 ఏండ్లనుండి గడ్డకట్టియున్న మట్టిలోని డి.ఎన్.ఏ.ను చదువగా, పెనిసిలిను వంటి మందులకును టెట్రాసైక్లినునకును విరుగుళ్లు అందు కనబడినవని 2011 లో ప్రకటించిరి. విరుగుడు జన్యువు ఉండుట వింత కాదు. అది ఎంత విరివిగా నున్నది, ఎవరి చేతిలో నున్నది, చేతులు మారుటకు సిద్ధముగా నున్నదా లేదా అనునదే చూడవలసినది.

స్వీడన్ దేశపు గోటెబోర్గ్ విశ్వవిద్యాలయమునకు చెందిన యోకిమ్ లార్సన్ బృందము 2007 లో ఒక వ్యాసము ప్రకటించెను. పటాన్‌చెరువు వద్ద సుమారు 90 మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రము కలదు. శుద్ధియై వెలికివచ్చిన నీటిని వారు పరీక్షింపగా, అందు సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలినది. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండు పాలుకన్న ఇది హెచ్చు. రోజునకు సుమారు 45 కిలోల మందు నీటి వెంట పోవుచున్నదని వారి అంచనా; 90 లక్షల జనాభా గల స్వీడన్ దేశమంతయు అయిదు దినములు వాడు మందునకు అది సమానము. 2009 లో ప్రకటించిన మరియొక పరిశీలనలో ఆ ప్రాంతమున పరీక్షించిన ఆరు బావులలోను మందుల జాడలు కనబడినవి.

నీటిలో మందున్నదని రసాయనశాస్త్రము చెప్పినది. ఆ నీటిలోని జీవులకు ఏమైనదో చెప్పుటకు డి.ఎన్.ఏ. చదువు కావలసివచ్చినది. వాగు అడుగున నున్న బురదను తీసి, అందున్న వ్రాతలన్నిటిని చదివి 2011 లో ఫలితములు ప్రకటించిరి. సల్ఫా మందులకు, స్ట్రెప్టోమైసిన్ వంటి వానికి, సిప్రోఫ్లాక్ససిన్ వర్గమునకు విరుగుడు జన్యువులు అందు మిక్కిలి హెచ్చుగా నున్నవి. అంతకన్న ఆలోచింపదగిన విషయము మరియొకటి కలదు. ఆ విరుగుళ్లను ఒక జీవినుండి మరియొక జీవికి మోసికొనిపోవు సాధనములు కూడ అదే బురదలో విరివిగా కనబడినవి. ప్లాస్మిడు లనునవి అట్టి సాధనములు, డి.ఎన్.ఏ. చిన్న చుట్టలు. బాక్టీరియాలు వానిని తమ సంతానమునకే గాక ప్రక్కవానికిని ఇచ్చును. ప్రక్కవాడు తన జాతివాడు కానక్కర లేదు. బురదలో బ్రదుకు నిరపాయమైన జీవి వద్దనున్న విరుగుడు ఒకనాడు రోగకారి చేతికి చిక్కుటకు త్రోవ ఇదియే. రోగకారి పళ్లెరములో కనబడును. కాని దానికి విరుగుడు ఇచ్చిన పొరుగువాడు పళ్లెరములో మొలవడు. పళ్లెరమునే నమ్ముకొన్నచో సగము కథ మనకు తెలియదు.

2014 లో అదే దేశపువారు ఆ ప్రాంతమందలి కాజీపల్లి చెరువు బురదను చదివిరి. 81 రకముల విరుగుడు జన్యువులు లెక్కకు వచ్చినవి. స్వీడనులోని ఒక చెరువుతో పోల్చినచో వాని పాలు సుమారు 7,000 రెట్లు. ఆ స్వీడన్ చెరువులో దొరికినవి ఎనిమిది రకములే. ఈ 7,000 అను అంకె పత్రికలకు ఇంపైనది. మేము మాత్రము ఒక్క మాట అడుగుదుము. పోలికకు తెచ్చినది చలిదేశపు చెరువు. మురుగునీరు చేరు మన మామూలు ఊరి చెరువు కాదు. పశువులు దిగి, ఊరి కాలువ కలియు చెరువులో మందుల కర్మాగారము లేకున్నను కొన్ని విరుగుళ్లు ఉండకమానవు. అట్టి చెరువును ప్రక్కనుంచి చూచినచో అంకె తగ్గియుండెడిది. తగ్గినను తృప్తిపడదగినంత తగ్గునని మేము అనుకొనము. ఇవన్నియు ఆ యేండ్లలో తీసిన నమూనాల లెక్కలనియు, నేడు ఆ వాగులో ప్రవహించు నీటికి ఇవి చీటీలు కావనియు కూడ చెప్పుట న్యాయము.

ఈ చదువు చెప్పలేని సంగతులును కలవు. చచ్చిన జీవి డి.ఎన్.ఏ.యు బ్రదికిన జీవి డి.ఎన్.ఏ.యు యంత్రమునకు ఒక్కటే. శ్మశానమును ఊరిని కలిపి లెక్కించినట్లగును. పరీక్షకు వాడు ద్రవములలో ముందే చేరియున్న డి.ఎన్.ఏ. కూడ చదువులోనికి వచ్చును. శ్రద్ధలేనివాడు తన సీసాలోని జీవిని సముద్రములో కనుగొంటి ననును. తునకలలో దొరికిన విరుగుడు ఏ జీవిదో చెప్పుట చాలమారులు కష్టము. ఫలానా రోగికి ఫలానా మందు పనిచేయకపోవుటకు ఫలానా వాగే కారణమని ఈ పరీక్ష నిరూపింపదు. నిరూపించినట్లు వ్రాయుట తొందరపాటు. అయినను ఒక వాగు అడుగున విరుగుళ్లును, వానిని మోయు వాహనములును, విరుగుడు లేనివానిని ఏరివేయు మందును ఒక్కచోట చేరియున్నప్పుడు, నిరూపణ వచ్చువరకు కూర్చుండుట వివేకమని మాకు తోచదు. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వము మందుల కర్మాగారముల వ్యర్థజలములో యాంటీబయాటిక్కు అవశేషములకు పరిమితులు ప్రతిపాదించుచు ముసాయిదా వెలువరించెను. 2021 లో వచ్చిన తుది నిబంధనలలో ఆ పరిమితులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయముననే మార్గదర్శక సూత్రములు ప్రకటించెను. అవి సలహాలు, శాసనములు కావు.

మా శ్రోతకు ఏమి జవాబు వ్రాసితిమో చెప్పవలెను గదా. మీ చీటీలోని మాట అబద్ధము కాదని వ్రాసితిమి. కోలిఫారము పరీక్ష జనాభా లెక్క కానే కాదు. మనుష్యుల, పశువుల మలము నీటిలో కలిసినదా లేదా అని తెలిసికొనుటకు పెట్టుకొన్న గుర్తు. ధూళిలో బండిచక్రముల జాడ లేదన్నచో బండి రాలేదని అనుకొన్నట్లు. ఆ పనికి పళ్లెరమే చాలును, చవకయును. వానలు పడిన పిమ్మట మరల పరీక్ష చేయించుడనియు, బావిలో బ్లీచింగు పొడి మోతాదు తప్పక వేయుడనియు, అనుమానమున్నప్పుడు నీరు కాచి త్రాగుడనియు వ్రాసితిమి. కాచుటవలన క్రిములు చచ్చును గాని నీటిలో మందుల అవశేషము లున్నచో అవి పోవనియు, దానికి రసాయన పరీక్ష వేరే కలదనియు చేర్చితిమి.

పది దినములకు వారినుండి మరల జాబు వచ్చినది. బ్లీచింగు పొడి వేసినారట. చివర నొక పంక్తి కలదు: "ఆ డి.ఎన్.ఏ. చదువు మా బావికి చేయింపవలెనన్నచో సీసా ఎక్కడకు పంపవలెను?" ఆ చదువు ఇంకను పరిశోధకుల చేతిలోనిదే, ఊరి బావికి "త్రాగవచ్చును" అనియో "కూడదు" అనియో చీటీ వ్రాసి యిచ్చు పరీక్షగా అది ఇంకను కుదురుకొనలేదు. ఆ మాటే వ్రాసి పంపితిమి. చిరునామా మాత్రము వ్రాయలేకపోతిమి.